పద్దులు రాసిన చేయి

సినిమా తీయాలని, ఫ్యాక్టరీ పెట్టాలని, సొంతంగా ఏదో ఒకటి నిలబెట్టాలని రాత్రుళ్ళు నిద్రపట్టక దొర్లుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇవాళ మీకొక గుమాస్తా కథ చెప్పాలి. అతని పేరు జొవాన్ని పాస్త్రోనే. ఇటలీకి ఉత్తరాన, ఆల్ప్స్ కొండలకు చేరువలో ఉన్న టురిన్ నగరంలో, 1907లో ఒక చిన్న సినిమా కంపెనీలో పద్దులు రాసే కొలువులో చేరాడు. అప్పటికి అటూ ఇటూగా పాతికేళ్ళవాడు. ఏడేళ్ళు గడిచాయి. 1914 ఏప్రిల్ 18న, అదే ఊళ్ళో, విత్తోరియో ఇమాన్యుయేలే థియేటర్లో, నిండు వాద్యబృందంతో, బృందగానంతో 'కబీరియా' తెరమీదికి వచ్చింది. దాదాపు మూడు గంటల సినిమా. నిర్మాత అతనే, దర్శకుడూ అతనే. మూకీల చరిత్ర రాసేవాళ్ళెవరూ ఆ సినిమా దగ్గర ఆగకుండా ముందుకు పోలేరు.

ఆ ఏడేళ్ళలో ఏం జరిగిందో మీరు తెలుసుకోవాలి. "పెట్టుబడి లేదు, వెనక ఎవరూ లేరు, చదివింది ఒకటి, చేయాలనుకుంటున్నది ఇంకొకటి" అని మీరు రోజూ చెప్పుకునే మాటలన్నీ అతనూ చెప్పుకుని ఇంట్లో కూర్చోవచ్చు. పీడ్‌మాంట్ ప్రాంతంలో పుట్టినవాడు. చదివింది జమాఖర్చుల చదువు. నటుడు కాడు, కవి కాడు, ఫోటోగ్రాఫరూ కాడు. సినిమా అనే ఇంట్లోకి అతనికి దొరికిన తలుపు లెక్కల గది తలుపొక్కటే. అందులోంచే లోపలికి వెళ్ళాడు.

లెక్కల గదిని చిన్నచూపు చూడకండి. ఆ రోజుల్లో సినిమాను మీటర్ల లెక్కన అమ్మేవాళ్ళు. ముడి ఫిల్ము ఎంత కొన్నారు, ఎంత పాడైంది, ఎన్ని కాపీలు తీశారు, ఏ దేశానికి ఎన్ని మీటర్లు పోయింది, వేషగాళ్ళకు రోజుకూలీ ఎంత, సెట్టుకి కర్ర ఎంత, గుడ్డ ఎంత అన్న వివరాలు చివరికి పద్దుల పుస్తకంలోనే చేరాలి. కళ్ళు తెరిచి చూసే గుమాస్తాకి ఆ పుస్తకంలో మొత్తం సినిమా కనిపిస్తుంది. ఏ పని ఎందుకు ఆలస్యమవుతోందో, ఏ సరుకు ఎక్కడ వృథా అవుతోందో, జనం దేనికి డబ్బులిస్తున్నారో తెలుస్తుంది. కళ్ళు మూసుకున్నవాడికి అవే పేజీల్లో అంకెలు మాత్రమే ఉంటాయి.

ఆ కంపెనీ కార్లో రోస్సి పెట్టింది. పనివాళ్ళను పారిస్‌లోని పథే సంస్థ నుంచి రప్పించుకున్నారు. ప్రపంచ సినిమా వ్యాపారంలో పథేకి ఎదురులేని కాలమది. ఎక్కువ రోజులు గడవకుండానే రోస్సి రోమ్‌లోని చీనెస్ కంపెనీకి వెళ్ళిపోయాడు. ఇక్కడి సంస్థ కుదేలైంది. అప్పుడు, 1908లో, పాస్త్రోనే, కార్లో షామెంగో కలిసి దాని పగ్గాలు పట్టుకున్నారు. 'ఇటాలా ఫిల్మ్' అని కొత్త పేరు పెట్టారు. పెద్దవాళ్ళు వదిలేసి వెళ్ళిన చోట నిన్నమొన్న చేరిన కుర్రాడు ఎలా నిలబడగలిగాడు? ఎక్కడెక్కడ ఏముందో అతనికి తెలుసు గనక. మీరు పనిచేస్తున్న చోట రేపు ఇలాంటి రోజే వస్తే, ఆ కంపెనీ మొత్తం ఎలా నడుస్తుందో చెప్పగలిగే స్థితిలో ఉన్నారా? మీ బల్ల మీదున్న పని తప్ప పక్క బల్ల మీద ఏముందో ఎప్పుడైనా అడిగి తెలుసుకున్నారా?

పగ్గాలు చేతికి రాగానే పాస్త్రోనే మహాకావ్యం తీయలేదు. ఫిల్ము అంచున ఉండే చిల్లుల మీద పడ్డాడు. అవును, చిల్లుల మీదే! అప్పట్లో తెరమీద బొమ్మ వణికేది. ఆ చిల్లులు కచ్చితంగా పడకపోతే ఫిల్ము కెమెరాలోనూ ప్రొజెక్టరులోనూ సరిగా సాగదు, బొమ్మ ఒకచోట నిలవదు. ఆ సంగతి మీద కూర్చుని పనిచేశాడు. తమ బొమ్మ వణకదు, స్థిరంగా నిలుస్తుందన్న మాటనే 'ఇటాలా' తన ప్రకటనల్లో గర్వంగా చాటుకుంది. ప్రేక్షకుడి కంటికి సుఖమివ్వడం దగ్గర మొదలుపెట్టిన నిర్మాత అతను. నాకు అతని మీద మొదటి గౌరవం ఇక్కడే కలిగింది.

రెండో పని, తనకన్నా బాగా పని తెలిసినవాళ్ళని వెతికి తెచ్చుకోవడం. పథేలో హాస్యగాడిగా పేరు తెచ్చుకున్న ఆంద్రే దీద్‌ని టురిన్‌కి రప్పించాడు. 1909 నుంచి అతను 'క్రెతినెత్తి' అనే వెర్రిబాగులవాడి వేషంలో చిన్న చిన్న హాస్యచిత్రాలు వరసగా చేశాడు. అవి దేశదేశాల్లో అమ్ముడయ్యాయి. కంపెనీకి ఊపిరి పోసినవి అవే. పెద్ద కలలు కనేవాళ్ళు చిన్న హాస్యాలను, వారం వారం అమ్ముడుపోయే సరుకును తక్కువగా చూడటం మన దగ్గరా ఉంది. 'కబీరియా' అంతటి సాహసం చేయగల కంపెనీ అయ్యే దారిలో 'ఇటాలా'ని నడిపించినవాళ్ళలో ఆ వెర్రిబాగులవాడూ ఉన్నాడని మరవకండి. ఆ తర్వాత 1912లో స్పెయిన్ దేశస్థుడు సెగుండో దె చోమోన్ వచ్చాడు. కెమెరాతో మాయలు చేయడంలో అప్పటికి అతనికి సాటి వచ్చేవాళ్ళు ఒకరిద్దరే. అదే ఏడు ఇటలీ రంగస్థల మహానటుడు ఎర్మెతే జక్కోని 'పాద్రే' అనే చిత్రంలో 'ఇటాలా' కెమెరా ముందుకొచ్చాడు. సినిమా అంటే సంతలో ఆట అనుకునే రోజుల్లో అంతటి నాటకాలాయనను ఒప్పించడం మాటలు కాదు.

ఈలోగా 1911లో బొర్ఞెత్తో అనే సహచరుడితో కలిసి 'ట్రాయ్ పతనం' తీశాడు. పెద్ద సెట్లు, పెద్ద గుంపులు. సముద్రం దాటి అమెరికాలోనూ ఆడింది. దాంతో ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంతోనే సరిగ్గా మూడేళ్ళకి ప్రపంచం నోరు తెరిచే పని చేశాడు.

అంతకుముందు ఒక బండి గురించి చెప్పాలి. ఆ కాలపు సినిమాల్లో కెమెరాని ఒకచోట పాతేసి తీసేవాళ్ళు. నాటకశాలలో ముందు వరసలో కూర్చున్నవాడు ఎలా చూస్తాడో అలాగే చూపించేవాళ్ళు. పడవల మీదా రైళ్ళ మీదా కెమెరా పెట్టి తీసినవాళ్ళు అంతకుముందూ ఉన్నారు. అయితే కథ నడుస్తుండగా, సెట్టు లోపల, కెమెరాని మనుషుల వైపు మెల్లగా నడిపించి తీసుకెళ్ళాలన్న ఆలోచనకు ఒక పనిముట్టు చేసి, 1912లో దానికి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టింది పాస్త్రోనే. చక్రాల బండి అది. ఇటాలియన్‌లో దాన్ని 'కర్రెల్లో' అంటారు. 'కబీరియా'లో ఆ బండి మీద కెమెరా కొంచెం ఏటవాలుగా కదులుతుంది. అలా కదలగానే వెనకున్న స్తంభాలు ఒకదాని చాటునుంచి ఒకటి జరుగుతాయి. అట్టముక్క మీద గీసిన బొమ్మ కాదు, లోతున్న గది, లోతున్న గుడి అని కంటికి తెలిసిపోతుంది. అందుకే అతను గుడ్డ తెరల మీద రంగులు పూసి ఊరుకోకుండా, నిలువెత్తు స్తంభాలతో, మెట్లతో నిజమైన సెట్లు కట్టించాడు. బండి కోసం సెట్టు, సెట్టు కోసం బండి. ఒక పనిని మరొక పనితో ముడివేసి ఆలోచించగలిగినవాడికే ఇది తడుతుంది. ఇవాళ హైదరాబాదులో ఏ షూటింగుకి వెళ్ళినా ట్రాలీ తోసే కుర్రాళ్ళు కనిపిస్తారు. ఆ కుర్రాళ్ళలో మీరుంటే వినండి. మీరు తోస్తున్న బండికి ఇంతటి వంశముంది. దాన్ని సెట్టు మీద కథ చెప్పే పనిముట్టుగా నిలబెట్టినవాడు కంపెనీలో చేరిన కొత్తలో గుమాస్తా.

ఇక 'కబీరియా'. రోమ్‌కీ కార్తేజ్‌కీ మధ్య జరిగిన రెండో ప్యూనిక్ యుద్ధకాలపు కథ. సిసిలీలో ఎట్నా అగ్నిపర్వతం పగులుతుంది. ఆ అల్లకల్లోలంలో కబీరియా అనే పసిపిల్ల సముద్రపు దొంగల చేతిలో పడి కార్తేజ్ సంతలో అమ్ముడవుతుంది. అక్కడ మొలోక్ అనే దేవుడికి పిల్లల్ని నిప్పుల్లో బలి ఇస్తారు. ఫుల్వియో అనే రోమన్, అతని బానిస మచీస్తే కలిసి ఆ పిల్లని కాపాడతారు. ఇంత కథలో హానిబల్ ఆల్ప్స్ దాటడమూ ఉంది, ఆర్కిమిడీస్ అద్దాలతో ఎండను మళ్ళించి రోమన్ ఓడల్ని తగలబెట్టడమూ ఉంది. మంచుకొండల దృశ్యాలకు ఆల్ప్స్ కొండలకే వెళ్ళారు. ట్యునీషియాలోనూ సిసిలీలోనూ తీశారు. అగ్నిపర్వతాన్నీ మండే ఓడల్నీ నమ్మించే పనిలో చోమోన్ తన విద్యంతా ధారపోశాడు. ఖర్చు పది లక్షల లీరాలు దాటిందని సినిమా చరిత్రకారులు రాస్తారు. మామూలు సినిమాకి అయ్యేదానికి అది ఎన్నో రెట్లు. పద్దులు తెలియనివాడు అంత ఖర్చు పెడితే దాన్ని తెగింపు అనాలి. అతనికి పద్దులు తెలుసు. ప్రతి లీరా తెరమీద ఎక్కడ కనిపిస్తుందో చూసుకుని పెట్టాడు. మొలోక్ గుడి కోసం చేసిన రాక్షసాకారపు విగ్రహాన్ని ఇప్పటికీ టురిన్‌లో, మోలే అంతొనెల్లియానా కట్టడంలో ఉన్న జాతీయ సినిమా మ్యూజియంలో చూడవచ్చు.

మచీస్తే వేషానికి అతను ఎవరిని తెచ్చాడో తెలుసా? జెనోవా రేవులో మూటలు మోసే కూలీని. పేరు బార్తొలొమేయో పగానో. నటన అనే మాటతో ఆనాటివరకూ సంబంధం లేని మనిషి. ఆ భుజాలు, ఆ నవ్వు చూసి వేషమిచ్చాడు. సినిమా విడుదలయ్యాక కథానాయకుణ్ణి జనం పెద్దగా పట్టించుకోలేదు, మచీస్తే కావాలన్నారు. ఆ పేరుతోనే వరసగా సినిమాలు వచ్చాయి. రేవుకూలీ ఇటలీలో అందరికన్నా ఎక్కువ పారితోషికం తీసుకునే నటుల్లో ఒకడయ్యాడు. హైదరాబాదు కృష్ణానగర్ గదుల్లో ఫోటోలు పట్టుకుని తిరుగుతున్న తమ్ముళ్ళూ, మీకిది తీపిగా వినిపిస్తుందని తెలుసు. మీరు పగానో వైపు నుంచి చూస్తే ఇది అదృష్టం. పాస్త్రోనే వైపు నుంచి చూడండి. మనుషుల్ని ఎక్కడ వెతకాలో తెలిసిన చూపు అది. అదృష్టం ఎదురొస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు, ఆ చూపు మాత్రం అలవాటు చేసుకుంటే వస్తుంది. రేపు మీరు ఒక జట్టు కట్టేటప్పుడు ఏ సిఫార్సు ఉత్తరమూ లేకుండా గుమ్మం బయట నిలబడ్డవాణ్ణి కూడా తలెత్తి చూడండి.

ఇప్పుడు నాకు పూర్తిగా నచ్చని సంగతి ఒకటుంది. అదీ చెప్పాలి. 'కబీరియా' పోస్టర్ల మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు పాస్త్రోనేది కాదు. గాబ్రియేలే డనుంజియోది. ఇటలీలో అప్పటికి అతనికంటే పేరున్న కవి లేడు. అప్పులవాళ్ళ బాధ పడలేక ఫ్రాన్సులో తలదాచుకుంటున్నాడు. పాస్త్రోనే అతని దగ్గరికి యాభై వేల లీరాలతో వెళ్ళాడు. కథ, దృశ్యాల వరస అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. కవి చేయవలసిందల్లా తెరమీద వచ్చే వాక్యాలకు తన భాష ఇవ్వడం, పాత్రలకు పేర్లు పెట్టడం, సంతకం చేయడం. కబీరియా, మచీస్తే అన్న పేర్లు అతను ఇచ్చినవే. జనం ఈ సినిమా డనుంజియోదే అనుకున్నారు. పత్రికలూ అలాగే రాశాయి. పాస్త్రోనే నోరు విప్పలేదు. తర్వాత తీసిన వాటికి కూడా 'పియెరో ఫోస్కో' అనే మారుపేరు పెట్టుకున్నాడు.

వ్యాపారంగా చూస్తే అది గొప్ప ఎత్తు. సినిమా అంటే చదువుకున్నవాళ్ళు మొహం చిట్లించే రోజుల్లో ఒక కవి సంతకంతో వాళ్ళని థియేటర్ దాకా నడిపించాడు. కానీ ప్రేక్షకుడికి అబద్ధం చెప్పిన మాటా నిజమే. మీలో కొందరు ఇతరుల పేర్ల వెనక కూర్చుని కథలు, మాటలు రాస్తున్నారని నాకు తెలుసు. మీ రాత మీద ఇంకొకరి పేరు పడుతోంది. పాస్త్రోనే ఉదాహరణ చూపించి "చూశావా, పేరు కోసం పాకులాడకూడదు" అని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. అతను తన పేరును తానే పక్కన పెట్టాడు. సినిమా అతనిది, కంపెనీ అతనిది, లాభనష్టాలు అతనివి. మీ దగ్గర పేరు లాక్కుంటున్నారు, డబ్బూ సరిగా ఇవ్వడం లేదు. ఈ రెండూ ఒకటి కావు. ఒప్పందం కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితాన్ని చదవడం నేర్చుకోండి. జమాఖర్చుల మనిషి జీవితం నుంచి కళాకారులు తీసుకోవలసిన మొదటి పాఠం నాకైతే ఇదే అనిపిస్తుంది.

ఇంకా బరువైన సంగతి ఒకటుంది. 1911లో ఇటలీ లిబియా మీద దండెత్తింది. 1912 నాటికి ఆ నేలను తన వలసగా చేసుకుంది. ఆ యుద్ధాన్ని కీర్తిస్తూ డనుంజియో గీతాలు రాశాడు. ఆ వేడి చల్లారకముందే తెరమీదికి వచ్చిన సినిమా 'కబీరియా'. ఆఫ్రికా ఒడ్డున ఉన్న కార్తేజ్ క్రూరత్వానికి, మూఢత్వానికి నిలయం. రోమ్ దాన్ని జయించి నాగరికతను నిలబెడుతుంది. ఆనాటి ప్రేక్షకుడికి ఆ కథలో లిబియా కనిపించకుండా ఉండదు. మచీస్తేగా పగానో ఒంటికి నల్లరంగు పూసుకుని కనిపిస్తాడు. యజమాని కోసం ప్రాణమిచ్చే నమ్మకస్తుడైన బానిస. రెండేళ్ళ తర్వాత అదే మచీస్తే ఇటలీ సైనికుడై తెరమీదికి వచ్చాడు, ఈసారి రంగు లేదు. సినిమాలో పాత్రలు చేయి చాచి చేసే వందనాన్ని కూడా గమనించండి. ప్రాచీన రోమన్ల పేరిట నాటకాల్లో, సినిమాల్లో కట్టిన ఆ ముద్రను 1919లో ఫ్యూమె నగరాన్ని ఆక్రమించినప్పుడు డనుంజియో తన మనుషులచేత చేయించాడు. అక్కడి నుంచి అది ముస్సోలిని ఫాసిస్టుల చేతికి వెళ్ళింది.

పాస్త్రోనే ఫాసిజాన్ని తయారుచేశాడని నేననడం లేదు. అలా అనడం అన్యాయం. అతను గొప్ప దృశ్యం కావాలనుకున్నాడు, దృశ్యం తయారైంది. అది చేతులు మారింది. మీరు తీసే రీలు, మీరు రాసే డైలాగు, మీరు తయారుచేసే యాప్, మీరు ముద్రించే పోస్టరు రేపు ఎవరి చేతిలో పడుతుందో, ఎవరి మీద రాయిగా తగులుతుందో ఈ రాత్రే ఆలోచించండి. శత్రువు ఎవరో చూపించమని కథ మిమ్మల్ని అడిగినప్పుడు, సులభంగా దొరికే జాతిని, మతాన్ని, రంగును, ఊరిని పట్టుకొచ్చి నిలబెట్టకండి. నైపుణ్యం ఉన్నవాడు చేసే హాని నైపుణ్యం లేనివాడు చేయలేడు. మీకు నైపుణ్యం ఉంది, అందుకే మీతోనే ఈ మాట చెబుతున్నాను.

'కబీరియా' ఆ వేసవిలోనే అమెరికా చేరింది. న్యూయార్క్‌లో ఆడింది. వైట్‌హౌస్ పచ్చికలో అధ్యక్షుడు విల్సన్ ఎదుట ప్రదర్శించారు. 1916లో అమెరికన్ దర్శకుడు గ్రిఫిత్ 'ఇన్‌టాలరెన్స్' కోసం కట్టించిన బాబిలోన్ సెట్టులో ఏనుగు విగ్రహాలు చూసినప్పుడల్లా సినిమా పండితులు 'కబీరియా' సెట్లనే తలుచుకుంటారు. కెమెరాని మెల్లగా నడిపించే పద్ధతిని హాలీవుడ్‌లో కొంతకాలం 'కబీరియా' పేరుతోనే పిలిచారు. 1865లో రాజధాని హోదా పోగొట్టుకుని, ఫ్యాక్టరీలు కట్టుకుంటూ మళ్ళీ నిలదొక్కుకున్న టురిన్ నగరం, కొన్నేళ్ళపాటు ప్రపంచ సినిమాకి పాఠం చెప్పింది. ఇది చిన్న ఊళ్ళలో ఉన్నవాళ్ళు రెండుసార్లు చదువుకోవలసిన మాట.

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1915 మేలో ఇటలీ అందులోకి దిగింది. పాస్త్రోనే 'ఇల్ ఫువోకో', 'తీగ్రె రేయాలె' లాంటి మంచి చిత్రాలు ఇంకా తీశాడు. కానీ మార్కెట్లు మూతపడ్డాయి, హాలీవుడ్ వెల్లువ మొదలైంది. 1919లో ఇటలీలోని పెద్ద సినిమా కంపెనీలు చాలావరకు ఒక కూటమిగా కలిశాయి, 'ఇటాలా' కూడా అందులో చేరిపోయింది. పైనుంచి కంపెనీని నడిపే ఆ ఏర్పాటులో సెట్టు మీది మనిషికి మాట చెల్లలేదు. కొద్దికాలానికే అతను సినిమా వదిలేశాడు. కూటమి కూడా ఎక్కువకాలం నిలవలేదు. అతను వైద్య పరిశోధనల వైపు మళ్ళాడు. 1931లో తన 'కబీరియా'కి శబ్దం చేర్చి మరోసారి బయటికి తెచ్చాడు. ఆ తర్వాత దాదాపు ముప్ఫై ఏళ్ళు బతికి, 1959లో టురిన్‌లోనే కన్నుమూశాడు. నలభైలోనే తన రంగం వదిలి ఏమీ తెలియని విద్య దగ్గర మళ్ళీ విద్యార్థిగా కూర్చున్నాడు. దాన్ని ఓటమి అనేవాళ్ళున్నారు. నేను అనను. లెక్కల గది నుంచి చిల్లుల దగ్గరికీ, అక్కడి నుంచి బండి దగ్గరికీ వెళ్ళిన కుతూహలమే అతన్ని ప్రయోగశాలకీ తీసుకెళ్ళింది.

మీ ముందు ఇప్పుడు రెండు పనులు పెడుతున్నాను. మొదటిది, 'కబీరియా' చూడండి. టురిన్ మ్యూజియంవాళ్ళు దాన్ని పునరుద్ధరించి 2006లో మళ్ళీ ప్రపంచం ముందుకు తెచ్చారు. పాతకాలపు నటన చూసి నవ్వొస్తే నవ్వండి, కానీ మొలోక్ గుడి దృశ్యం దగ్గర నవ్వు ఆపి, కెమెరా ఎప్పుడు కదులుతోందో, ఎటు కదులుతోందో, ఎందుకు కదులుతోందో కాగితం మీద రాసుకోండి. మచీస్తే ఒంటి మీది రంగునూ రాసుకోండి. రెండోది సోమవారం మొదలుపెట్టవలసిన పని. మీరు ఎక్కడ ఉద్యోగం చేస్తున్నా, ఎంత చిన్న ఉద్యోగమైనా, పక్క గదిలోకి వెళ్ళి అక్కడి పెద్దాయననో, పెద్దమ్మనో అడగండి: "అయ్యా, అమ్మా, ఈ పని ఎలా చేస్తారో నాకు చూపిస్తారా?" ఎవరైనా విసుక్కుంటే ఇంకో గదికి వెళ్ళండి. ఎడిటింగు చేసేవాళ్ళు లైట్లు మోసేవాళ్ళ దగ్గరికీ, లైట్లు మోసేవాళ్ళు లెక్కలు రాసేవాళ్ళ దగ్గరికీ, లెక్కలు రాసేవాళ్ళు కథలు చెప్పేవాళ్ళ దగ్గరికీ వెళ్ళండి. మీ దగ్గరికి ఎవరైనా అలా వచ్చినప్పుడు కుర్చీ జరిపి కూర్చోమనండి.